శ్రమతో ముడిపడని ఆదాయం – పని పట్ల ఆసక్తి: వ్యవసాయ కుటుంబాల కోణంలో ఒక విశ్లేషణ

వరి నాట్లు, పత్తి తీత ముమ్మరంగా సాగే రోజుల్లో గ్రామాల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది. ప్రభుత్వాలు ఊరికే డబ్బు పంచడం వల్ల జనం పనికి రావడం మానేశారని, ఇలాగే కొనసాగితే వ్యవసాయం చేసేవారే మిగలరని రైతులు వాపోతుంటారు. ఈ అభిప్రాయం రచ్చబండ దగ్గరే ఆగిపోవడం లేదు. క్షేత్ర సర్వేల ప్రశ్నావళుల్లో "కూలీల కొరతకు కారణాలు" అన్న శీర్షిక కింద "ఉచిత పథకాలు" ఒక ఐచ్ఛికంగా చేరుతోంది. ఎక్కువమంది రైతులు దానికి టిక్కు పెట్టారు కనుక అదే కారణమని నిర్ధారణ కూడా జరిగిపోతోంది. అభిప్రాయాన్ని కొలిచి, దానినే వాస్తవంగా ప్రకటించడం శాస్త్రీయ పద్ధతి కాదు.

ఈ ప్రశ్నకు సరైన సమాధానం తెలుసుకోవడం విస్తరణ రంగానికి అవసరం. నగదు సాయం నిజంగానే పని పట్ల ఆసక్తిని చంపుతున్నట్లయితే, ఆ సాయం రూపాన్ని మార్చవలసి ఉంటుంది. అలా కాక కూలీల కొరతకు కారణం వేరే చోట ఉన్నట్లయితే, తప్పుడు నిర్ధారణ వల్ల సరైన పరిష్కారం వెనకబడుతుంది. పైగా గ్రామంలో అందరికంటే ఎక్కువ కష్టపడే వర్గానికి సోమరులన్న ముద్ర పడుతుంది. అందువల్ల ఈ అంశంపై గత ఐదు దశాబ్దాల్లో వివిధ దేశాల్లో లభించిన ఆధారాలను, వాటిని తెలుగు రాష్ట్రాల వ్యవసాయానికి అన్వయించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది.

శ్రమతో ముడిపడని ఆదాయం అంటే ఏమిటి?

పని చేసినా చేయకపోయినా అందే ఆదాయాన్ని శ్రమతో ముడిపడని ఆదాయం అంటారు. కౌలు, వడ్డీ, వారసత్వపు ఆస్తిపై వచ్చే రాబడి, పింఛను, ప్రభుత్వ నగదు బదిలీ అన్నీ ఈ కోవకే వస్తాయి. కౌలు మీద బతికే భూస్వామి పని ప్రేరణ గురించి ఎవరూ ఆందోళన చెందరు; అదే మొత్తం పేద కుటుంబానికి అందితే మాత్రం చర్చ మొదలవుతుంది. విశ్లేషణలో ఈ రెండింటికీ ఒకే కొలమానం వాడాలి.

గ్రామీణ పథకాలన్నీ ఒకే రకమైనవి కావు. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం కింద ఒక కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పనికి హామీ లభించింది. అక్కడ పని చేస్తేనే కూలి. కనుక అది శ్రమరహిత ఆదాయం కాదు, మరొక యజమాని కింద పని. రేషన్ బియ్యం వస్తు రూపంలో అందే సాయం. ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి, తెలంగాణలోని రైతుబంధు వంటివి భూమి ఆధారంగా అందే నగదు. వృద్ధాప్య పింఛను వయసు ఆధారంగా అందే నగదు. "ఉచిత పథకాలు" అన్న ఒకే మాట కింద వీటన్నింటినీ కలిపేసినప్పుడు ఏది ఏ ఫలితాన్ని ఇచ్చిందో విడదీసి చూడడం సాధ్యం కాదు. ఎరువు, నీరు, విత్తనం ఒకేసారి మార్చి దిగుబడి పెరుగుదలను ఎరువుకే ఆపాదించడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

సిద్ధాంతం ఏమి చెబుతుంది?

ఆర్థికశాస్త్రం ఈ ప్రశ్నను రెండు ప్రభావాలుగా విడదీస్తుంది. మొదటిది ఆదాయ ప్రభావం. మనిషి కోరుకునే వాటిలో విశ్రాంతి ఒకటి కనుక, ఆదాయం పెరిగినప్పుడు విశ్రాంతిని కూడా కొంత ఎక్కువగా తీసుకుంటాడు. రెండవది ప్రత్యామ్నాయ ప్రభావం. సంపాదన పెరిగేకొద్దీ సాయం తగ్గిపోయే పద్ధతి ఉంటే పని విలువ పడిపోతుంది. ఉదాహరణకు రోజు కూలి 500 రూపాయలు అనుకుందాం. సంపాదించిన ప్రతి రూపాయికి సాయంలో 50 పైసలు కోత పెడితే, ఆ పనికి నికరంగా దక్కేది 250 రూపాయలే. పని మానడానికి ఇది బలమైన కారణం. అటువంటి కోత లేకుండా ప్రతి కుటుంబానికీ స్థిరమైన మొత్తం అందిస్తే ఆదాయ ప్రభావం మాత్రమే మిగులుతుంది. కూలికి వెళ్లినందువల్ల కోల్పోయేది ఏమీ ఉండదు. ప్రధానమంత్రి కిసాన్, రైతుబంధు ఈ రెండవ తరహావి.

వ్యవసాయ కుటుంబం విషయంలో మూడవ ప్రభావం ఒకటి తోడవుతుంది. కర్మాగారపు కార్మికుడు శ్రమను అమ్ముకుంటాడు. సన్నకారు రైతు మాత్రం తన పొలంలో తానే యజమాని, తానే కూలీ, పండిన పంటకు తానే వినియోగదారుడు. అతని శ్రమ ఫలించాలంటే విత్తనం, ఎరువు, అరక లేదా ట్రాక్టరు, నీరు సకాలంలో అందాలి. వీటికి పెట్టుబడి లేనప్పుడు సొంత పొలంలో ఎంత కష్టపడినా ఫలితం తక్కువే. అందువల్లనే అతడు సొంత చేనును ఆలస్యం చేసి ముందుగా కూలికి వెళ్తాడు. ఏ పోషకం అతి తక్కువగా ఉందో అదే దిగుబడిని నిర్ణయిస్తుందన్న లీబిగ్ కనిష్ఠ సూత్రం ఇక్కడ చక్కగా వర్తిస్తుంది. పెట్టుబడి కొరతే పరిమితి కారకమైన చోట నగదు అందితే శ్రమ విలువ పెరుగుతుంది, పని పెరుగుతుంది. పెట్టుబడి కొరత లేని చోట అదే నగదు విశ్రాంతిగానో, వినియోగంగానో మారుతుంది.

రష్యన్ వ్యవసాయ ఆర్థికవేత్త చయానోవ్ 1920లలో రైతు కుటుంబాన్ని మరో కోణంలో విశ్లేషించాడు. అదనపు శ్రమలోని కష్టం, దానివల్ల తీరే అవసరం సమానమైన చోట రైతు కుటుంబం పని ఆపుతుందని, తినే నోళ్లు ఎక్కువై పని చేసే చేతులు తక్కువైన కుటుంబాల్లో ఒక్కొక్క శ్రామికుడు ఎక్కువ కష్టపడతాడని ఆయన వివరించాడు. ఈ కోణంలో చూస్తే, నగదు అందిన తర్వాత తగ్గే పని సాధారణంగా అత్యంత కష్టమైనదీ, అత్యల్ప ప్రతిఫలం ఉన్నదీ అవుతుంది. అది సోమరితనం కాదు, లెక్క.

మనస్తత్వశాస్త్రంలో ఎడ్వర్డ్ డెసీ 1971లో ప్రచురించిన ప్రయోగాలు తరచుగా ప్రస్తావనకు వస్తాయి. ఇష్టంతో చేసే పనికి డబ్బు ముట్టచెబితే, ఆ డబ్బు ఆగిన తర్వాత ఇష్టం తగ్గుతుందని ఆ ప్రయోగాలు సూచించాయి. అయితే 1999లో డెసీ, కోస్ట్‌నర్, రయన్ 128 అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు, పనితో సంబంధం లేకుండా ఇచ్చిన ప్రతిఫలం అంతర్గత ప్రేరణను చెప్పుకోదగినంతగా తగ్గించలేదని తేలింది. షరతుతో కూడిన చెల్లింపుల ఫలితాలను షరతు లేని నగదుకు అన్వయించకూడదన్నది ఇందులోని పాఠం.

సంపన్న దేశాల అనుభవం

అమెరికాలో 1968 నుంచి 1982 వరకు నాలుగు చోట్ల రుణాత్మక ఆదాయపు పన్ను ప్రయోగాలు జరిగాయి. నిర్ణీత స్థాయికి తక్కువ ఆదాయమున్న కుటుంబాలకు ప్రభుత్వమే ఎదురు చెల్లించే పద్ధతి అది. వాటిలో అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల గ్రామీణ కుటుంబాలపై జరిగిన ప్రయోగం కూడా ఉంది. మొత్తం మీద కుటుంబ పెద్దలైన పురుషుల పని గంటలు స్వల్పంగా తగ్గాయి. వివాహిత స్త్రీలు, యువకుల విషయంలో తగ్గుదల అంతకంటే ఎక్కువ. సంపాదన పెరిగితే సాయం తగ్గే పద్ధతి కావడంతో కొందరు తమ సంపాదనను తక్కువ చేసి చెప్పినట్లు కూడా తర్వాత బయటపడింది. పని తగ్గినట్లు కనిపించిన దానిలో కొంత భాగం నిజానికి చెప్పని పని.

కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో 1974–79 మధ్య "మిన్‌కమ్" ప్రయోగం జరిగింది. పురుషుల పని గంటలు సుమారు 1 శాతం, వివాహిత స్త్రీలవి 3 శాతం, అవివాహిత స్త్రీలవి 5 శాతం తగ్గినట్లు హమ్, సింప్సన్ విశ్లేషించారు. ఆ ప్రయోగంలో పట్టణం మొత్తాన్ని చేర్చిన డాఫిన్ రికార్డులను ఎవెలిన్ ఫర్జె 2011లో తిరిగి పరిశీలించగా, ఆసుపత్రి చేరికలు 8.5 శాతం తగ్గినట్లు, కిశోరులు బడి మానకుండా చదువు కొనసాగించినట్లు వెల్లడైంది. అంటే తగ్గిన పనిలో కొంత చదువుగా మారింది.

అలాస్కా రాష్ట్రంలో చమురు ఆదాయ నిధి నుంచి 1982 నుంచి ప్రతి నివాసికీ ఏటా డివిడెండు అందుతోంది. జోన్స్, మారినెస్కు అధ్యయనంలో మొత్తం ఉపాధిపై తగ్గుదల కనిపించలేదు. పాక్షిక సమయపు ఉద్యోగాలు 1.8 శాతం పాయింట్లు పెరిగాయి. ప్రజల కొనుగోళ్ల వల్ల స్థానికంగా పనికి గిరాకీ పెరగడం ఇందుకు ఒక కారణమని వారు భావించారు. ఫిన్లాండ్‌లో 2017–18లో 2,000 మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు షరతు లేకుండా ఇచ్చినప్పుడు వారి ఉపాధి దినాలు తగ్గలేదు; రెండవ సంవత్సరంలో సగటున 6 రోజులు పెరిగాయి. అయితే 2018లో నిరుద్యోగ భృతి నిబంధనలు కూడా మారినందువల్ల ఈ పెరుగుదలను పూర్తిగా నగదుకే ఆపాదించలేము.

ఇందుకు భిన్నమైన ఫలితాలను విస్మరించకూడదు. అమెరికాలోని టెక్సస్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో 1,000 మందికి మూడేళ్లపాటు నెలకు 1,000 డాలర్ల చొప్పున ఇచ్చి, నెలకు 50 డాలర్లు మాత్రమే పొందిన 2,000 మందితో పోల్చారు. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం శ్రామిక భాగస్వామ్యం సుమారు 2 శాతం పాయింట్లు, పని సమయం వారానికి 1.3 గంటల మేర తగ్గాయి. మిగిలిన సమయంలో ఎక్కువ భాగం విశ్రాంతికే వెళ్లింది. మొత్తం పెద్దదైనప్పుడు ఆదాయ ప్రభావం ఉంటుందనడానికి ఇది స్పష్టమైన ఆధారం. అయితే ఆ ప్రభావం పరిమాణం ఎంతన్నదే ముఖ్యమైన ప్రశ్న.

పేద, మధ్యాదాయ దేశాల అనుభవం

అభిజిత్ బెనర్జీ, హన్నా, క్రైండ్లర్, ఓల్కెన్ 2017లో ఆరు దేశాల్లోని ఏడు ప్రభుత్వ నగదు బదిలీ కార్యక్రమాల యాదృచ్ఛిక ప్రయోగాల సమాచారాన్ని తిరిగి విశ్లేషించారు. హోండురాస్, ఇండోనేషియా, మొరాకో, మెక్సికో, నికరాగువా, ఫిలిప్పీన్స్ ఆ దేశాలు. నగదు పొందిన వారు పని తగ్గించినట్లు క్రమబద్ధమైన ఆధారమేదీ లభించలేదు. ఇరాన్‌లో 2010 డిసెంబరులో ఇంధన సబ్సిడీల స్థానంలో దాదాపు అందరికీ నగదు బదిలీ ప్రారంభమైంది. మధ్యగత కుటుంబ ఆదాయంలో అది నాలుగవ వంతుకు మించిన మొత్తం. అయినా మొత్తం మీద శ్రమ సరఫరా పడిపోలేదని సాలెహీ ఇస్ఫహానీ, ఆయన సహ పరిశోధకుడు చూపారు.

వ్యవసాయ విద్యార్థులకు కెన్యా ప్రయోగం మరింత ఉపయోగకరం. అక్కడ 295 గ్రామాలను యాదృచ్ఛికంగా నాలుగు సమూహాలుగా విభజించారు: 44 గ్రామాలకు 12 ఏళ్లపాటు నెలవారీ నగదు, 80 గ్రామాలకు రెండేళ్లపాటు నెలవారీ నగదు, 71 గ్రామాలకు ఒకేసారి పెద్ద మొత్తం, 100 గ్రామాలకు ఏమీ లేదు. 2023లో ప్రకటించిన ఫలితాల్లో మొత్తం శ్రమ తగ్గలేదు. కానీ దాని స్వరూపం మారింది. ఇతరుల పొలాల్లో కూలి పని తగ్గి, సొంత వ్యాపారం, స్వయం ఉపాధి పెరిగాయి. ఒకేసారి అందిన మొత్తం, దీర్ఘకాలిక హామీ ఈ మార్పును బలంగా తెచ్చాయి. రెండేళ్లలో ముగిసే నెలవారీ చెల్లింపుల ప్రభావం అంతకంటే బలహీనం.

ఒడిశాలో విస్తరాకులు కుట్టే కార్మికులపై సుప్రీత్ కౌర్, ములైనాథన్, ఓహ్, షిల్‌బాక్ జరిపిన ప్రయోగం మరో కోణాన్ని చూపుతుంది. అందరికీ రావలసిన కూలి మొత్తం ఒక్కటే; కొందరికి అందులో ఎక్కువ భాగం ముందుగా చెల్లించారు. చేతికి డబ్బు అందిన తర్వాత వారి ఉత్పత్తి సగటున సుమారు 7 శాతం, మరింత పేదవారిలో 13 శాతం పెరిగింది, పొరపాట్లు తగ్గాయి. ఇక్కడ ఆదాయం పెరగలేదు, అప్పుల దిగులు మాత్రమే తగ్గింది. లేమి మనిషిని కష్టపడేలా చేస్తుందన్న ప్రచలిత భావన ఈ ఫలితం ముందు నిలవదు.

మధ్యప్రదేశ్ ప్రయోగం

మన దేశంలో 2011–12లో స్వయం ఉపాధి మహిళల సంఘం "సేవా", యునిసెఫ్ సహకారంతో మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ జిల్లాలో షరతులు లేని నగదు ప్రయోగం నిర్వహించింది. ఎనిమిది గ్రామాల్లో ప్రతి పెద్దకూ నెలకు 200, ప్రతి పిల్లకూ 100 రూపాయలు. ఏడాది తర్వాత వాటిని 300, 150 రూపాయలకు పెంచారు. మరొక గిరిజన గ్రామంలో మొదటినుంచీ 300, 150 చొప్పున ఇచ్చారు. సాయం అందని గ్రామాలతో ఫలితాలను పోల్చారు. హైదరాబాదుకు చెందిన సామాజిక శాస్త్రవేత్త శరత్ దావల, రెనానా ఝాబ్‌వాలా, సౌమ్య కపూర్ మెహతా, గై స్టాండింగ్ ఆ అనుభవాన్ని గ్రంథరూపంలో నమోదు చేశారు.

నగదు అందిన గ్రామాల్లో ఆర్థిక కార్యకలాపాలు పెరిగాయి. కూలి పని నుంచి సొంత సాగు వైపు మొగ్గు కనిపించింది. ముఖ్యంగా గిరిజన గ్రామంలో ఈ మార్పు స్పష్టం. విత్తనాలు, ఎరువులు, మేకలు, కోళ్ల కొనుగోళ్లు పెరిగాయి. పిల్లలు కూలికి వెళ్లడం తగ్గి, బడి హాజరు మెరుగైంది. కెన్యా ఫలితంతో ఇది సరిపోలుతుంది. అయితే ప్రయోగం కొద్ది కాలమే సాగిందని, మొత్తం చిన్నదని గుర్తుంచుకోవాలి. జీవితాంతం అందే హామీకి ప్రజలు ఎలా స్పందిస్తారో ఏడాదిన్నర ప్రయోగంతో పూర్తిగా తేల్చలేము. ఒక్క ఖరీఫ్ ఫలితంతో కొత్త రకాన్ని విడుదల చేయనట్లే, ఇక్కడా సంయమనం అవసరం.

కూలీల కొరత: నగదు బదిలీయే కారణమా?

పై ఆధారాలను గ్రామస్థాయి లెక్కతో సరిచూడవచ్చు. ప్రధానమంత్రి కిసాన్ కింద భూమి ఉన్న రైతు కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు అందుతాయి. అంటే నెలకు 500. జాతీయ నమూనా సర్వే 2018–19 అంచనా ప్రకారం వ్యవసాయ కుటుంబ సగటు నెలసరి ఆదాయం 10,218 రూపాయలు. అందులో కూలి, వేతనాల ద్వారా 4,063, పంటల నికర రాబడి ద్వారా 3,798 రూపాయలు. ఈ సాయం ఆ ఆదాయంలో 5 శాతానికి లోపే. పైన ఉదాహరించినట్లు రోజు కూలి 500 రూపాయలు అనుకుంటే 6,000 రూపాయలు 12 రోజుల కూలితో సమానం. ఏడాదికి 200 రోజులు కూలికి వెళ్లే కుటుంబం ఆ డబ్బులో ప్రతి రూపాయినీ విశ్రాంతి కోసమే వాడుకున్నా తగ్గేది 12 రోజులు, అంటే 6 శాతం మాత్రమే. ఇది గరిష్ఠ పరిమితి. ఎకరాకు 10,000 రూపాయల రాష్ట్ర సాయం కూడా అందుకునే ఒక ఎకరం రైతు విషయంలో ఇదే లెక్కన పరిమితి 32 రోజులు. వాస్తవంలో ఆ డబ్బు ఎరువుల దుకాణానికో, పాత అప్పుకో వెళ్తుంది కనుక అసలు ప్రభావం ఇంకా తక్కువ. ఇక భూమి లేని కూలీ కుటుంబానికి ఈ భూమి ఆధారిత పథకాల నుంచి ఏమీ అందదు. అందని డబ్బు వల్ల ఎవరూ సోమరులు కాలేరు.

మరి కూలీలు ఎందుకు దొరకడం లేదు? పట్టణ నిర్మాణ రంగానికి వలసలు, యువతీ యువకులు చదువుల్లో కొనసాగడం, ఒకే నీటి విడుదలతో మండలమంతా నాట్లు ఒకే వారంలో పడడం, పత్తి విస్తీర్ణం వల్ల తీత పనులు ఒకేసారి రావడం, కూలి పనిలో గౌరవం లేదన్న భావన వంటివి పరిశీలించవలసిన కారణాలు. "కూలీలు దొరకడం లేదు" అన్న మాటకు అనేక సందర్భాల్లో "పాత కూలి రేటుకు దొరకడం లేదు" అన్నది అసలు అర్థం.

కూలీల బేరమాడే శక్తి పెరిగితే ఏమవుతుందన్న దానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే బలమైన ఆధారం ఉంది. ఉపాధి హామీ చెల్లింపులను స్మార్ట్‌కార్డుల ద్వారా మెరుగుపరచడాన్ని 157 మండలాల్లో యాదృచ్ఛిక పద్ధతిలో పరిశీలించిన మురళీధరన్, నీహాస్, సుక్తంకర్, పేద కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగిందని, ఆ పెరుగుదలలో 86 శాతం పథకం వెలుపలి ఆదాయమేనని చూపారు. ప్రైవేటు కూలి రేట్లు పెరిగాయి; ప్రైవేటు ఉపాధి కూడా తగ్గక పెరిగింది. ఇది శ్రమరహిత ఆదాయం కాకపోయినా, కూలీకి మరో ఆధారం దొరికితే గ్రామ వ్యవసాయం కుప్పకూలుతుందన్న భయానికి ఇది సమాధానం. అయితే పెరిగిన కూలి రైతుకు నిజమైన భారమే. దానికి పరిష్కారం కూలీలను నిందించడంలో లేదు. నేరుగా విత్తే పద్ధతి, నాటు యంత్రాలు, దశలవారీ నీటి విడుదల, యంత్రంతో తీతకు అనువైన పత్తి రకాల్లో ఉంది.

తెలుగు రాష్ట్రాల పథకాలు: ఎవరికి, ఎప్పుడు, ఎంత?

తెలంగాణ ప్రభుత్వం 2018 మే 10న రైతుబంధును ఎకరాకు పంటకాలానికి 4,000 రూపాయలతో ప్రారంభించి, తర్వాత 5,000 రూపాయలకు పెంచింది. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో ఏడాదికి ఎకరాకు 12,000 రూపాయల పథకం, భూమిలేని ఉపాధి హామీ కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 రూపాయల పథకం మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 15న ప్రారంభమైన రైతు భరోసా కింద కేంద్ర సాయంతో కలిపి కుటుంబానికి 13,500 రూపాయలు, 2025 ఆగస్టు 2న ప్రారంభమైన అన్నదాత సుఖీభవ కింద కేంద్ర సాయంతో కలిపి 20,000 రూపాయలు ప్రకటించారు.

పని ప్రేరణ దృష్ట్యా వీటిలో మూడు అంశాలు కీలకం. మొదటిది, లబ్ధిదారు ఎవరన్నది. రైతుబంధు పట్టాదారుకు అందింది, కౌలుదారుకు కాదు. పది ఎకరాలు కౌలుకు ఇచ్చి పట్టణంలో నివసించే యజమానికి ఏడాదికి లక్ష రూపాయలు రాగా, ఆ పది ఎకరాల్లో చెమటోడ్చిన కౌలుదారుకు ఏమీ రాలేదు. శ్రమతో ముడిపడని ఆదాయం అన్న మాట అక్షరాలా వర్తించేది ఆ యజమానికే. పెట్టుబడి కొరత పరిమితి కారకంగా ఉన్నది కౌలుదారు దగ్గర. నగదు చేరినది ఆ కొరత లేని చోటికి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సాగు పత్రాలు ఇవ్వడం, ఒడిశా "కాలియా" పథకంలో భూమిలేని కుటుంబాలకు మేకల పెంపకం, పుట్టగొడుగుల పెంపకం వంటి వాటికి సాయం చేర్చడం ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నాలు.

రెండవది సమయం. మృగశిర కార్తె నాటికి చేతికి అందిన 10,000 రూపాయలు విత్తనం, దుక్కి ఎరువు రూపంలో శ్రమకు తోడవుతాయి. అదే మొత్తం నాట్లు పూర్తయ్యాక వస్తే, రైతు అప్పటికే నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఉంటాడు; ఆరు నెలలకు 10,000 మీద వడ్డీయే 1,200 రూపాయలు. పూత దశలో ఇవ్వవలసిన తడిని కోత ముందు ఇస్తే నీరు వృథా అయినట్లే, ఆలస్యమైన సాయం పెట్టుబడి లక్షణాన్ని కోల్పోయి అప్పు తీర్చే డబ్బుగా మిగులుతుంది.

మూడవది నమ్మకం. ఏ తేదీకి ఎంత వస్తుందో ముందుగా తెలిస్తే రైతు దాని మీద ఆధారపడి ప్రణాళిక వేసుకుంటాడు. హామీ అన్న మాటకు విలువ ఇచ్చేది ఆ నిశ్చయత్వమే. వస్తుందో రాదో తెలియని సాయం అందినప్పుడు ఖర్చవుతుంది కానీ, అందకముందే పంట నిర్ణయాన్ని మార్చలేదు.

క్షేత్ర అధ్యయనాలకు సూచనలు

ఈ అంశంపై సర్వేలు చేపట్టే విద్యార్థులు, విస్తరణ శాస్త్రవేత్తలు కింది జాగ్రత్తలు పాటించడం మంచిది.

1. "పథకాల వల్ల జనం సోమరులయ్యారా?" అని అడగకూడదు. గడచిన ఏడు రోజుల్లో ఇంట్లోని ప్రతి వ్యక్తి ఏ పని, ఎన్ని గంటలు చేశారో నమోదు చేయాలి.

2. సొంత పొలం పని, కూలి, ఒకరికొకరు చేసుకునే బదులు పని, పశుపోషణ, ఇంటి పని అన్న విభాగాలు విడివిడిగా ఉండాలి. కూలి తగ్గి సొంత సాగు పెరిగితే అది పని తగ్గడం కాదు, పని మారడం. కూలి మానిన స్త్రీ గేదెలు మేపుతున్నా, పసిబిడ్డను చూసుకుంటున్నా ఆమెను ఖాళీగా ఉన్నట్లు లెక్కించరాదు.

3. వయసు వారీగా విశ్లేషించాలి. పదిహేనేళ్ల బాలుడు, డెబ్బై ఏళ్ల వృద్ధురాలు పని తగ్గించడం విధాన వైఫల్యం కాదు, విజయం.

4. వలస వెళ్లిన సభ్యులను చేర్చాలి. దక్షిణాఫ్రికా వృద్ధాప్య పింఛన్లపై 2003లో వెలువడిన అధ్యయనం ఇంట్లో ఉంటున్న వారిని మాత్రమే లెక్కించి, పింఛను వల్ల యువకులు పని తగ్గించారని తేల్చింది. 2009లో ఆర్డింగ్‌టన్, కేస్, హోజ్‌గుడ్ అవే కుటుంబాలను కాలక్రమంలో అనుసరించే సమాచారంతో చూడగా, పింఛను డబ్బు ప్రయాణ ఖర్చులకు, వెనక పిల్లల సంరక్షణకు ఆసరా కావడంతో పని వయసు వారు ఉపాధికై వలస వెళ్లగలిగారని తేలింది. కుటుంబం నిర్వచనం మారితే నిర్ధారణే తలకిందులైంది.

5. సాయం అందని పోల్చదగిన కుటుంబాలు, సాయానికి ముందునాటి సమాచారం లేకుండా కారణ సంబంధాన్ని ప్రకటించకూడదు. నియంత్రణ మడి లేని పొలం ప్రయోగానికి ఎంత విలువ ఉంటుందో దీనికీ అంతే.

6. అభిప్రాయం చెప్పిన వ్యక్తి కూలీలను పెట్టుకునేవారా, కూలికి వెళ్లేవారా అన్నది తప్పనిసరిగా నమోదు చేయాలి. ఒకే వాస్తవం ఈ ఇద్దరికీ ఒకేలా కనిపించదు.

ముగింపు

హామీతో కూడిన నగదు పని ఆసక్తిని చంపుతుందన్న సాధారణ సూత్రం ఆధారాల ముందు నిలవదు. దాని ప్రభావం ఎప్పుడూ శూన్యమన్న వాదన కూడా నిలవదు. సంపాదనతో పాటు సాయంలో కోత పడే చోట, మొత్తం కుటుంబ ఆదాయంలో పెద్ద వాటా అయిన చోట, పెట్టుబడి కొరత లేని సంపన్న సమాజంలో పని కొంత తగ్గవచ్చు. సాయం చిన్నదై, కోత లేనిదై, పెట్టుబడి కొరత ఉన్న కుటుంబానికి సకాలంలో అందినప్పుడు పని తగ్గకపోగా, ఇతరుల చేను నుంచి సొంత చేనుకు మళ్లుతుంది. ఆ మళ్లింపు వల్ల కూలీలను పెట్టుకునే రైతుకు ఇబ్బంది కలగడం నిజం. కూలీ కుటుంబం సొంత కాళ్లపై నిలబడడం కూడా అంతే నిజం. ఈ రెండు నిజాలను వేరువేరుగా కొలిచి, మొదటిదానికి యాంత్రీకరణను, సాగు పద్ధతుల మార్పును, రెండవదానికి కౌలుదారుకు, భూమిలేని కుటుంబానికి చేరే సాయాన్ని సూచించడం వ్యవసాయ శాస్త్రవేత్తల బాధ్యత.